పెరోనీ వ్యాధి: నోటిమందుల బలాబలములు

రేడియో ఇంటిల్లిపాది వినునట్టి సాధనము. పెద్దలు, పిన్నలు, స్త్రీలు, పురుషులు ఒకచోట కూర్చుండి వినుచుండగా కొన్ని విషయములను గూర్చి మాటాడుటకు ప్రసంగకర్తలు వెనుదీయుట సహజము. కాని వ్యాధులు మన బిడియమును మన్నింపవు. గుండెజబ్బును గూర్చి, మధుమేహమును గూర్చి, కంటిశుక్లమును గూర్చి నిస్సంకోచముగా చెప్పుకొను మనము, పురుషాంగమునకు వచ్చు వ్యాధిని గూర్చి మాత్రము నోరు విప్పము. అందుచేత ఆ వ్యాధికి గురియైన పురుషుడు భార్యతోనైనను చెప్పక, వైద్యునికైనను చూపక, గోడమీది ప్రకటనలను నమ్మి సొమ్మును, కాలమును పోగొట్టుకొనుచున్నాడు. కావున ఆ వ్యాధి యొక్క స్వరూపమును, దానికి నోటిద్వారా ఇచ్చుచు వచ్చిన మందుల చరిత్రను, వానిలో పరీక్షకు నిలిచినవేవి, నిలువనివేవి అను విషయమును ఈ ప్రసంగమున విన్నవింపదలచితిమి. మేము వైద్యులము కాము. వైద్యశాస్త్రజ్ఞులు పరిశోధించి నిర్ణయించిన సంగతులను సులభమైన మాటలలో అందించుట మాత్రమే మా పని.

ఈ వ్యాధికి పెరోనీ వ్యాధి అని పేరు. ఫ్రాన్సు రాజగు 15వ లూయీకి ప్రధాన శస్త్రవైద్యుడుగా నుండిన ఫ్రాంస్వా జిగో ద లా పెరోనీ 1743లో దీనిని వర్ణించి వ్రాసెను. 16వ శతాబ్దమునందే ఇటలీలోని శరీరశాస్త్రజ్ఞులు దీనిని గుర్తించియుండిరి గాని, పేరు మాత్రము లా పెరోనీకే దక్కినది. ఆయన తన రోగులకు పిరనీస్ పర్వతములలోని బారేజ్ అను ఊరి వేడినీటి ఊటల చికిత్సను విధించెను. ఆ నాటినుండి నేటివరకు వైద్యులు ఈ వ్యాధికి మందును వెదకుచునే యున్నారు. ఆ వెదకులాటలో మాత్రల కథయే మిక్కిలి దీర్ఘమైనది, మిక్కిలి బోధకరమైనది.

మొదట వ్యాధి యేమో తెలిసికొందము. పురుషాంగములో స్పాంజివంటి రెండు గొట్టములు కలవు. స్తంభన సమయమున అవి రక్తముతో నిండి గట్టిపడును. వానిని చుట్టి తెల్లని, దృఢమైన, సాగుగుణముగల యొక పొర యున్నది. ఈ పొరలో ఒకచోట మచ్చవంటి గట్టి కణజాలము ఏర్పడుటయే పెరోనీ వ్యాధి. మచ్చ యున్నచోట పొర సాగదు. మిగిలిన భాగము సాగును. సైకిలు ట్యూబునకు ఒకవైపున అతుకు వేసి, దానిని బయట నుంచి గాలి కొట్టినచో, అతుకువైపునకు వంగుట మనమెరిగినదే. ఇచటను జరుగునది అట్టిదే. వంపుతోపాటు కొందరికి నొప్పి కలుగును. కొందరికి అంగము పొడవు తగ్గినట్లు తోచును. కొందరికి ఒకచోట సన్నబడి నడుమ బిగించినట్లుండును. స్తంభనము కూడ బలహీనపడవచ్చును. చేతితో తడిమి చూచినచో చర్మము క్రింద గట్టి పలకవంటిది తగులును.

పుట్టుకతో వచ్చు వంపు వేరు. అది యౌవనమునుండియు నుండును. అందు మచ్చ యుండదు, నొప్పి యుండదు. స్వల్పమైన వంపు ఎందరికో సహజముగనే యుండును. అది వ్యాధి కాదు. మనము చెప్పుకొనునది నడివయసులో, ముఖ్యముగా 50 ఏండ్లు దాటిన తరువాత, క్రొత్తగా వచ్చు వంపును గూర్చి. ఇది క్యాన్సరు కాదు. ఒకరినుండి మరియొకరికి అంటునది కాదు. యౌవనమున చేసిన తప్పులకు శిక్షయును కాదు. ఈ మూడు మాటలను మరల మరల చెప్పవలసియున్నది. ఏలయన, ఈ మూడు భయములే రోగిని వైద్యుని కడకు పోనీయక ఇంట కట్టివేయుచున్నవి.

ఇది యెందువలన వచ్చునో పూర్తిగా తేలలేదు. అధికులు అంగీకరించు అభిప్రాయమిది: సంసారజీవనములో తెలియకుండ తగులు చిన్నచిన్న దెబ్బలు ఆ పొరలో గాయములను కలిగించును. సాధారణముగా అవి మానిపోవును. కాని కొందరి శరీరములలో గాయము మానుట ఎక్కడ ఆగవలెనో అక్కడ ఆగదు. కొల్లాజెన్ అను నారపదార్థము అవసరమునకు మించి పేరుకొని మచ్చయగును. ఇట్టివారిలో కొందరికి అరచేతి పొర గట్టిపడి ఉంగరపువ్రేలు ముడుచుకొనిపోవు డుపుయిట్రెన్ వ్యాధి కూడ కనబడుచుండుట గమనింపదగినది. మధుమేహము గలవారిలోను ఇది హెచ్చుగా కానవచ్చుచున్నది.

వ్యాధికి రెండు దశలు కలవు. మొదటిది చురుకైన దశ. ఈ దశలో నొప్పి యుండును, వంపు మారుచుండును. సాధారణముగా ఇది 6 నుండి 18 నెలలవరకు సాగును. రెండవది నిలుకడ దశ. నొప్పి పోవును, వంపు ఎంతవరకు వచ్చినదో అంతటితో నిలిచిపోవును. మందుల బలాబలములను తూచవలెనన్నచో ఈ రెండు దశలను మనసున నుంచుకొనుట అత్యవసరము. మందు ఏదియు లేకున్నచో వ్యాధి యేమగునో తెలియక, మందు పనిచేసినదని ఎట్లు చెప్పగలము?

ఈ ప్రశ్నకు సమాధానము 2006లో అమెరికాలో ప్రకటితమైనది. చికిత్స పొందని 246 మందిని సగటున ఏడాదిన్నర కాలము గమనింపగా, మొదట నొప్పి యున్నవారిలో నూటికి 89 మందికి ఆ నొప్పి పూర్తిగా పోయినది. వంపు మాటకు వచ్చినచో నూటికి 12 మందికి కొంత తగ్గినది, 40 మందికి మారలేదు, 48 మందికి హెచ్చినది. ఈ అంకెలను జాగ్రత్తగా పరిశీలింపుడు. చురుకైన దశలో ఏ మాత్ర యిచ్చినను, ఏ పసరు పోసినను, ఏ తాయెత్తు కట్టినను, కొన్నాళ్లకు నూటికి 89 మంది నొప్పి పోయినదనియే చెప్పుదురు! కాకి వాలుటయు తాటిపండు పడుటయు ఒక్క క్షణమున జరిగినచో, కాకి బలమునకే పండు రాలినదని తలచుట వంటిది ఇది. మన పూర్వులు దీనినే కాకతాళీయమనిరి. నోటిమందుల చరిత్ర యంతయు ఒక విధముగా ఈ కాకతాళీయమును ఛేదించుటకు చేసిన ప్రయత్నమే.

ఈ కాలపు మాత్రలలో మొదట పేరు పొందినది ఇ-విటమిను. 1940ల చివరి భాగమున అమెరికాలో స్కార్డినో, స్కాట్ అను వైద్యులు దీనిని కొద్దిమంది రోగులకిచ్చి, పలువురిలో మచ్చయు వంపును తగ్గినవని ప్రకటించిరి. వెల తక్కువ, దొరకుట సులభము, చెడుగు స్వల్పము. ఇంకేమి కావలెను? ప్రపంచమందంతటను వైద్యులు దీనిని వ్రాయ మొదలిడిరి. కాని తొలి పరిశీలనలో ఒక లోపమున్నది. మందు పొందిన వారితో పోల్చుటకు మందు పొందని వారు అందులో లేరు. తరువాత ఆకారములోను రంగులోను ఒకే తీరుగానుండు మందు మాత్రను, మందు లేని ఉత్తమాత్రను, ఏది యేదియో రోగికిని వైద్యునికిని తెలియకుండ ఇచ్చి చూచినప్పుడు, ఇ-విటమినునకు చెప్పదగిన ఆధిక్యము కానరాలేదు. అయినను దశాబ్దములపాటు దానిని వ్రాయుట మానలేదు. హాని లేదు గదా యను మాటయే అందుకు ఆధారము. హాని లేని మందు సహితము కాలమును తినివేయుననియు, ఆ కాలమునందే వంపు ముదురుచుండుననియు అప్పుడు తోచలేదు.

రెండవది పొటాబా అను పేర అమ్మిన పొటాషియం పారా-అమినో బెంజోయేటు. దీనిని 1959లో జరఫోనెటిస్, హొరాక్స్ అను వారు ఈ వ్యాధికి ప్రయోగించిరి. దీని మోతాదు దినమునకు 12 గ్రాములు. అర గ్రాము మాత్రలైనచో దినమునకు 24 మాత్రలు! అట్లు నెలల తరబడి మ్రింగవలెను. కడుపులో వికారము పుట్టి అనేకులు నడుమనే మానివేసిరి. అయినను ఈ మందును నిదానముగా పరీక్షించిన వారు లేకపోలేదు. జర్మనీలో 103 మందితో ఒక సంవత్సరము నడిపిన పరీక్షాఫలితములు 2005లో వెలువడినవి. మందు పొందినవారిలో మచ్చ పరిమాణము తగ్గినది. వంపు మరింత ముదురకుండుటకు కొంత తోడ్పడినట్లును కనబడినది. కాని అప్పటికే యున్న వంపు మాత్రము సరికాలేదు. రోగి కోరునది మచ్చ కొలత తగ్గుట కాదు, వంపు సరియగుట. కావున ఈ మందును గూర్చిన ఆశ సగములోనే ఆగినది.

మూడవది కొల్చిసిను. ఇది వాతరక్తమను కీళ్లజబ్బునకు చిరకాలముగా వాడుచున్న మందు. కొల్లాజెను పేరుకొనుటను ఇది అడ్డగింపవచ్చునను తలంపుతో 1990లలో దీనిని ఇచ్చి చూచిరి. మొదటి వార్తలు ఉత్సాహకరముగా నుండెను. ఉత్తమాత్రతో పోల్చి చూచినప్పుడు ఆ ఉత్సాహము చల్లారినది. విరేచనములు దీనితో తరచుగా కలుగును. మోతాదు మించినచో ప్రాణాపాయము. ఇచట మన ప్రాంతపు మాట యొకటి చెప్పవలసియున్నది. మన అడవులలోను కంచెలమీదను నిప్పుమంటవంటి పూలు పూయు అడవినాభి తీగె దుంపలో ఈ కొల్చిసినే యున్నది. పుస్తకములో చదివియో, ఎవరో చెప్పగా వినియో, ఆ దుంపను తినుటకు ఎవరును సాహసింపరాదు. అది కేవలము విషము.

తక్కినవానిని సంగ్రహముగా చెప్పుదుము. స్త్రీల రొమ్ము క్యాన్సరునకు వాడు టామాక్సిఫెను ఈ వ్యాధికి పనికివచ్చుననిరి. 1999లో బ్రెజిలులో 25 మందితో చేసిన పరీక్షలో అది ఉత్తమాత్రను మించలేదు. కార్నిటిను అను పదార్థమును, చేపనూనెలోని ఒమేగా-3 క్రొవ్వులను పొగడిరి. వానికిని తగిన నిదర్శనము దొరకలేదు. కాళ్లకు రక్తప్రసారము తగ్గినవారికిచ్చు పెంటాక్సిఫిలిను ఎలుకలలో మచ్చను తగ్గించెను. మనుష్యులలో అట్లే చేయునని నమ్ముటకు చాలినంత ఆధారము లేదు.

అమెరికా దేశపు యూరాలజీ వైద్యసంఘము 2015లో ప్రకటించిన మార్గదర్శకములలో, ఇ-విటమిను, టామాక్సిఫెను, ప్రోకార్బజిను, ఒమేగా-3 క్రొవ్వులు, ఇ-విటమినుతో కలిపిన కార్నిటిను, వీనిని ఈ వ్యాధికి ఇవ్వరాదని స్పష్టముగా చెప్పినది. ఐరోపా యూరాలజీ సంఘమువారు ఆ జాబితాకు పొటాబాను, కొల్చిసినును, పెంటాక్సిఫిలినును కూడ చేర్చిరి. అనగా వంపును సరిచేయగల మాత్ర నేటికిని లేదు. ఇది వినుటకు కష్టముగా నుండవచ్చును. కాని లేని మందును ఉన్నదని నమ్మి ఏండ్లు గడుపుటకంటె, లేదని తెలిసి దారి మార్చుకొనుట మేలు గదా!

మాత్రలు ఎందుకు ఓడినవి? కారణము ఊహింపదగినదే. నోటిలో వేసిన మందు రక్తములో కలసి ఒడలంతయు ప్రాకును. వ్యాధియో గోరంత చోటులో నున్నది. ఆ పొరలో రక్తనాళములు తక్కువ, జీవకణములును తక్కువ, నారయే యెక్కువ. ఒకసారి నార అల్లుకొని బిగుసుకొన్న పిమ్మట, కొందరిలో సున్నము కూడ పేరుకొన్న పిమ్మట, దానిని కరిగింపగలంత మందు అచటికి చేరవలెనన్నచో తక్కిన శరీరము తాళజాలదు. పచ్చికుండను చేతితో సరిచేయవచ్చును గాని, కాలిన కుండను చేయలేము గదా!

అట్లని నోటిమందులకు చోటే లేదని తలపరాదు. రెండు చోట్ల అవి నిజముగా ఉపకరించును. చురుకైన దశలో నొప్పి బాధించుచున్నచో, వైద్యుడు నొప్పిని వాపును తగ్గించు మాత్రలను కొలదికాలమునకు వ్రాయవచ్చును. మూత్రపిండముల జబ్బు, కడుపులో పుండు కలవారు ఈ సంగతిని వైద్యునికి ముందే చెప్పవలెను. రెండవది, స్తంభనము బలహీనపడినవారికి సిల్డెనాఫిల్, టడలాఫిల్ వంటి మాత్రలు. ఇవి వంపును తీర్చుటకు గాక, స్తంభనమునకు బలమిచ్చుటకు మాత్రమే. గుండెనొప్పికి సార్బిట్రేటు వంటి నైట్రేటు మందులు వాడువారు వీనిని ముట్టరాదు. రెండును కలసినచో రక్తపుపోటు ప్రాణము మీదికి వచ్చునంతగా పడిపోవును. దుకాణమునకు పోయి గుసగుసగా అడిగి కొనితెచ్చుకొను అలవాటు ఇందుచేతనే అపాయకరము.

మాత్రలు కాక వేరు మార్గములు కలవు. మచ్చలోనికే మందును సూదితో ఎక్కించుట యొకటి. కొల్లాజెనును కరిగించు కొల్లాజినేజు అను ఇంజెక్షనును 2013లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ ఆమోదించినది. చేతికి తగులు మచ్చయు, కనీసము 30 డిగ్రీల వంపును ఉన్నవారికే అది ఉద్దిష్టము. దానిని గూర్చిన పరీక్షలలో 800 మందికి పైగా పాల్గొనిరి. మందు పొందినవారికి సగటున 17 డిగ్రీల వంపు తగ్గినది. మందు లేని ఇంజెక్షను పొందినవారికి సహితము సగటున 9 డిగ్రీలు తగ్గినది! పోలిక లేని పరీక్షను ఏల నమ్మరాదో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. ఆ 9 డిగ్రీలను చూపియే ఎందరో తమ మందును అమ్ముకొనియుందురు. అంగమును మెల్లగా సాగదీసి యుంచు సాధనములు మరియొక మార్గము. వానిని వైద్యుని పర్యవేక్షణలో, ఓపికతో, నెలల తరబడి వాడవలెను.

వంపు తీవ్రమై సంసారజీవనము అసాధ్యమైనచో శస్త్రచికిత్స కలదు. వంపు సరియగుటకు అదియే నమ్మకమైన మార్గము. కాని తొందరపడరాదు. వ్యాధి మొదలై సుమారొక సంవత్సరము గడచి, కనీసము 3 నెలలుగా నొప్పిగాని, మార్పుగాని లేదని రూఢియైన పిమ్మటనే శస్త్రచికిత్స చేయుదురు. చురుకైన దశలో చేసినచో వంపు మరల రావచ్చును. వంపునకు ఎదుటి వైపున కుట్లు వేసి సరిచేయుట ఒక పద్ధతి. మచ్చను కోసి అతుకు వేయుట మరియొకటి. స్తంభనము బొత్తిగా లేనివారికి లోపల కృత్రిమ సాధనమును అమర్చుట వేరొకటి. పొడవు కొంత తగ్గుట, స్పర్శ మందగించుట వంటి నష్టములను ముందుగనే అడిగి తెలిసికొనవలెను. వంపు స్వల్పమై, ఇబ్బంది లేనివారికి ఏ చికిత్సయు అక్కరలేదు. అట్టివారికి ఇది అపాయము కాదను ధైర్యవచనమే మందు.

ఇక మనసును గూర్చి. ఈ వ్యాధి గల 92 మందిని పరిశీలింపగా, సుమారు సగముమందిలో మానసికమైన క్రుంగుబాటు కనబడినదని 2008లో ఒక పరిశోధన తెలిపినది. దీని బరువును మోయునది పురుషుడు ఒక్కడే కాదు. భర్త కారణము చెప్పకనే దూరముగా పండుకొనుచున్నచో, భార్య తనయందే లోపమున్నదనియో, ఆయన మనసు వేరొకచోట నున్నదనియో తలపోయును. ఒక్క మాటతో తీరవలసిన సందేహము సంవత్సరముల కలతగా మారును. అందుచేత మొదట చెప్పవలసినది భార్యకు; తరువాత వైద్యునికి. ఇరువురును కలసి వైద్యుని కడకు పోవుట అన్నిటికంటె మంచిది.

ఎవరి కడకు పోవలెను? మూత్రకోశ సంబంధమైన వ్యాధులను చూచు యూరాలజిస్టు కడకు. పెద్ద ప్రభుత్వాసుపత్రులలో ఈ శాఖ కలదు. వంపు ఎప్పుడు మొదలైనది, మారుచున్నదా, నిలిచినదా, నొప్పి యున్నదా, మధుమేహమున్నదా, ఇతరమైన మందులేవి వాడుచున్నారు అను విషయములను దాచక చెప్పవలెను. వైద్యుడు మాత్ర వ్రాసినచో, ఇది నొప్పికా, స్తంభనమునకా, వంపునకా అని అడుగుట రోగి హక్కు. వంపునకే అని చెప్పినచో, ఎన్ని నెలలు వాడవలెను, ఏమి మార్పు ఆశింపవచ్చును, మార్పు లేకున్నచో తరువాత ఏమి చేయుదురు అని కూడ అడుగవలెను. మంచి వైద్యుడు ఇట్టి ప్రశ్నలకు కోపింపడు.

రహస్యవ్యాధులను రహస్యముగా కుదుర్తుమని ప్రకటించువారిని గూర్చి ఒక హెచ్చరిక. ఇట్టి ప్రకటనలను అరికట్టుటకు మన దేశమున 1954లోనే చట్టము చేయబడినది. అయినను బస్టాండు గోడలమీదను, రైలుకట్ట ప్రక్కను, ఇప్పుడు చేతిలోని ఫోనునందును అవి కనబడుచునే యున్నవి. నిజమైన వైద్యమునకు గోడమీద హామీ అక్కరలేదు. నూటికి నూరుపాళ్లు కుదుర్తునను మాట వినబడిన చోటనే మనము వెనుదిరుగవలెను. ఏలయన, ఈ వ్యాధిని మూడు శతాబ్దములకు దగ్గరగా పరిశీలించుచు వచ్చిన వైద్యులలో ఆ మాట అనగలిగినవారు లేరు.

మాత్ర మ్రింగుట సులభము; మాట చెప్పుట కష్టము. కాని ఈ వ్యాధి విషయమున ఆ కష్టమైన పనియే ముందు చేయదగినది. ఈ ప్రసంగమును చదివిన వారిలో ఒక్కరైనను, ఇంతకాలము దాచుకొన్న బాధను రేపటి ఉదయమున తగిన వైద్యునితో చెప్పుకొన్నచో, మా ప్రయత్నము సఫలమైనదని భావింతుము.